పక్క మార్చవలెను

మా ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకు వెళ్తే, గుమ్మానికి ఎదురుగా గోడ మీద నీలం రంగుతో రాసిన వాక్యం ఒకటి కనిపిస్తుంది. "లేవలేని రోగికి రెండు గంటలకొకసారి పక్క మార్చవలెను." ఆ వాక్యం నాది. అరవైల మొదట్లో నేను కాగితం మీద రాసిస్తే పెయింటరు గోడకెక్కించాడు. గోడకు వెల్ల వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు పనిగట్టుకుని దాన్ని మళ్ళీ దిద్దించారు. యాభై అయిదు నిండి నేను ఉద్యోగం దిగిన రోజున కూడా అది కొత్త రంగు వాసన వేస్తూనే ఉంది.

ఆ రోజు నా వీడ్కోలుకు, ఒకప్పుడు మా స్టోరు చూసిన పెద్దాయన కూడా వచ్చాడు. ఆయన లేచి నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చివర్లో తనకిష్టమైన కథ ఎత్తుకున్నాడు.

"మనవాడు ఒకసారి అల్లూరు అవతల పల్లెలో పక్షవాతం వచ్చినాయనకు రెండు గంటలకోసారి పక్క మార్చమని చెప్పి వచ్చినాడు. మంచం మీద మనిషిని ఇటు పక్కకూ అటు పక్కకూ తిప్పమని గదా మనవాడి ఉద్దేశం! ఆ ఇంటి ముసలమ్మ ఏం చేసిందో తెలుసా? మనిషిని అట్టే పండబెట్టి, రెండు గంటలకోసారి కింద బొంత లాగేసి ఇంకో బొంత పరిచిందంట! రెండేళ్ళ తర్వాత గానీ ఆ సంగతి మనవాడికి తెలియలేదు!"

సభ అంతా నవ్వింది. నర్సు పిల్లలు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, ఆ కథను ఆసుపత్రిలో పుట్టించింది నేనే. కొత్తగా చేరిన ప్రతి జట్టుకూ నేనే చెప్పేవాణ్ణి. ఇంటికి వచ్చి మెడలో దండ తీసి కొక్కేనికి తగిలించాక మాత్రం నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది. ఆ కథలో ఒక ముక్క అబద్ధం. ఆ అబద్ధం కూడా నాదే. డ్రెస్సర్లుగా, నర్సులుగా చేరుతున్న పిల్లలు ఆ కథనే ఇంకా చెప్పుకుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి దిద్దుబాటు: ఆమె ముసలమ్మ కాదు. అప్పటికి ఆమెకు నలభై అయిదు దాటి ఉండవు.

మాది సముద్రానికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న పాతిక మంచాల ఆసుపత్రి. నేను డ్రెస్సర్ని. పుండ్లు కడగడం, కట్లు కట్టడం నా పని. వారానికి రెండు రోజులు సైకిలు మీద పల్లెలు తిరిగి, ఇళ్ళలో ఉన్న రోగులను చూసి, డాక్టరమ్మకు కాగితం మీద రాసి ఇవ్వాలి. పల్లెల్లో నన్ను అందరూ "కాంపౌండరయ్యా" అని పిలిచేవాళ్ళు. నేను కాంపౌండర్ని కాదని ఏనాడూ దిద్దలేదు.

డాక్టరమ్మది తమిళ దేశం. గట్టి మనిషి. మందు కలపడంలో పొరపాటు చేసిన ఒక కాంపౌండర్ని మధ్యాహ్నం భోజనం కూడా తిననివ్వకుండా ఇంటికి పంపేసింది. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడితే సగం అరవం దొర్లేది. అందుకని ఆమె ఇంగ్లీషులోనో అరవంలోనో చెప్పేది, నేను తెలుగులో రాసేవాణ్ణి. చర్చిలో వాక్యాలు చదివి చదివి నా తెలుగు మీద నాకు మహా నమ్మకం. "రెండు గంటలకోసారి పక్కం మాత్తణుం" అని ఆమె అంటే నేను "పక్క మార్చవలెను" అని రాశాను. అరవంలో పక్కం అంటే వైపు ఒక్కటే. మా అమ్మది కూడా సరిహద్దు అవతలి ఊరే. మా ఇంట్లో పడుకునేదాన్ని పడక అనేవాళ్ళం, ఆసుపత్రికి వస్తే బెడ్డు. పక్క అంటే పరుచుకునేది కూడా అని నాకు తెలియదని కాదు. తెలుసు. రాసేటప్పుడు తట్టలేదు.

పడకల విషయంలో మా ఆసుపత్రి భాగోతం కూడా చెప్పాలి. మా పరుపులు కొబ్బరి పీచువి. వాటిని ఎండలో వేయాలని డాక్టరమ్మ వారానికోసారి కేకలు వేసేది. ఎండలో వేస్తే గుడ్డ వెలిసిపోతుందని స్టోరాయన వేయనిచ్చేవాడు కాదు. ఉతికిన దుప్పట్లు ఆయన బీరువాలో తాళం కింద ఉండేవి. పై నుంచి ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే ఆ పూట బయటికి వచ్చి, వాళ్ళ కారు గేటు దాటగానే మడతలు పడి మళ్ళీ లోపలికి పోయేవి. రోగులు ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతల మీదే పడుకునేవాళ్ళు. నల్లులు మాత్రం ఆసుపత్రివే.

ఇలాంటి చోటు నుంచి వెళ్ళి నేను పల్లెల్లో ఆడవాళ్ళకు శుభ్రత గురించి చెప్పేవాణ్ణి.

ఆ ఇల్లు వరి పొలాల మధ్య ఊళ్ళో, నడివీధిలో ఉంది. ఇంటాయన ఒక మోస్తరు రైతు, అరవై లోపువాడు. పొలం గట్టు మీద నడుస్తూ కూలిపోయాడట. లేవదీసేసరికి కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. భార్య ఎప్పుడో చనిపోయింది. ఒక్కడే కొడుకు, పాతికేళ్ళవాడు. వాణ్ణి పెంచింది ఆ రైతు చెల్లెలు. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, అన్న సంసారాన్ని నెత్తిన వేసుకున్న మనిషి.

ఆమె పక్కబట్టల పట్టింపు ఆ ఊరంతటికీ తెలుసు. ఇంట్లో చివరి మనిషి లేచీ లేవకముందే పక్కలు ఎత్తేసేది. బొంతలు దండెం మీదికి, దిండ్లు గోడ మీదికి, చాపలు గడ్డివామి మీదికి పోయేవి. మంచం నిలబెట్టి, కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసి, నులక మీద కర్రతో కొట్టేది. మధ్యాహ్నం తర్వాత పైరగాలి మొదలయ్యేలోగా అన్నీ లోపలికి రావాలి. సముద్రపు గాలి పట్టిందంటే బొంతలు ఉప్పు చెమర్చి రాత్రికి జిగటగా ఉంటాయని ఆమె లెక్క. ఒకరి పక్క మీద ఇంకొకరు కూర్చోకూడదు. చుట్టిన పక్క మీద ఎవరూ కూర్చోకూడదు.

మొదటి రోజు నేను వెళ్ళి సంచి మంచం మీద పెట్టబోయాను.

"ఆ సంచి పక్క మీద పెట్టబాకయ్యా!" అని అరిచింది.

"ఏమ్మా?"

"ఏందీ ఏమ్మా? ఆసుపత్రి సంచి అది. యాడాడి నల్లులుంటాయో దాంట్లో. ఆ గూట్లో పెట్టు."

గూట్లో పెట్టాను. నేను కూర్చున్న పీట మీద, నేను లేవగానే చెంబుడు వేడినీళ్ళు పోసింది. నాకు అది మరో రకంగా తగిలింది. నేను చర్చికి పోయే మనిషినని చేసింది కాబోలు అనుకున్నాను. తర్వాత చూస్తే కరణం కూర్చుని లేచినా అదే వేడినీళ్ళు, మేనల్లుడు పొలం నుంచి వచ్చి కూర్చుని లేచినా అదే. ఆ సంగతి తెలిశాక కూడా నా మనసులో ముల్లు పోలేదు. చివరికి జరిగినదాంట్లో ఆ ముల్లు వాటా కొంత ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు ఆమె పక్క అన్న మాటను ఏ అర్థంలో వాడిందో నా చెవుల్తో విన్నాను. విని అరగంట కాకముందే ఆమెకు ఏం చెప్పానో చూడండి.

"రెండు గంటలకోసారి పక్క మార్చాలమ్మా. పగలూ రాత్రీ."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రెండు గంటలకోసారా? చంటిబిడ్డలకు గూడా ఎవురూ అట్ట మార్చరే!"

"చంటిబిడ్డ కాళ్ళూ చేతులూ ఆడిస్తాడు. ఈయన కదలలేడు కదా."

"యీనకు తెలవకుండానే అయిపోతా ఉంటాది, అందుకనా?"

కింద పుండు పడుతున్నా తెలియదు, స్పర్శ లేదు, అని నా బుర్రలో ఉంది. "అవును, తెలియదు గనకే," అన్నాను.

"ఉండేది రెండే గదయ్యా. రెండు పక్కల్తో ఎట్ట సరిపెట్టేది?"

నాకు ఒళ్ళు మండింది. పని తప్పించుకోవడానికి అడ్డదిడ్డంగా మాట్లాడుతోందనుకున్నాను. "ఎవరికైనా ఉండేది రెండేనమ్మా. ఒకటి అయ్యాక ఇంకొకటి. అందులో సరిపెట్టేదేముంది?"

"మీ ఇండ్లల్లో రెండు చాలేమో. మాకు చాలవు." ఆమె మేనల్లుడి వైపు తిరిగింది. "విన్నావా అబ్బయ్యా? పెదనాయనోళ్ళ ఇంట్లో ఇంకో నాలుగుండాయి, అడిగి తీసకరా."

ఆ మాట కూడా విన్నాను. ఇంకో నాలుగేమిటి అని అడగొచ్చు కదా! అడగలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. ఆ అబ్బాయి చేతిలో చీటీ పెట్టాను. అతను కూడబలుక్కుని పైకి చదివాడు: "పక్క... మార్చ... వలెను." ఆమె తల ఊపింది.

"మార్చకపోతే ఏమవతాది?"

"పడక పుండ్లు పడతాయి."

"పడతాయి మరి. మురికి పడకలో పండబెడితే పుండ్లు పడవా?" అంది, ఆ సంగతి నాకు తాను నేర్పుతున్నట్టు. పడక పుండు అన్న మాట వింటే ఎవరైనా అనుకునేది అదే. పుండుకు అలాంటి పేరు ఉన్నందుకైనా నేను ఇంకొంచెం విడమరిచి చెప్పవలసింది. కుడివైపుకు తిప్పండి, ఎడమవైపుకు తిప్పండి అని నాలుగు ముక్కలు ఎక్కువ మాట్లాడితే నా సొమ్మేం పోయేది?

మరుసటి వారం నేను మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళలేదు. వాన పట్టింది, కాలువ పొంగింది అని పుస్తకంలో రాశాను. కాలువ పొంగిన మాట నిజమే. మధ్యాహ్నానికి తీసింది కూడా నిజమే. తీసిన తర్వాత నేను స్టోరాయనతో కలిసి క్యారమ్స్ ఆడుతూ కూర్చున్నాను. వానలో ఎవరు పోతారయ్యా అని ఆయన అంటే, ఎవరు పోతారని నేనూ అన్నాను.

వాన పది పన్నెండు రోజులు విడవలేదు.

తెరిపి ఇచ్చిన రోజు ఎండ చురుక్కుమంటోంది. నేను ఆ వీధిలోకి తిరగ్గానే కనిపించింది ఇల్లు కాదు, బొంతలు. దండెం మీద, ప్రహరీ మీద, వామి మీద, బండి నొగల మీద, చివరికి పక్కింటి పందిరి మీద కూడా. పసుపు అంచువి, ఎర్ర అతుకులవి, పాత పంచెలవి, చీరలు చింపి అప్పటికప్పుడు నాలుగు పొరలు వేసి కుట్టినవి. ఉతుకుడు పని అంత ఉంటే రోగిని ఎవరు చూస్తారు అని విసుక్కుంటూనే లోపలికి వెళ్ళాను.

రోగిని ఎడమవైపుకు తిప్పి చూశాను. నడుం కింద, పిరుదుల మధ్య ఎముక మీద, అరచేయంత మేర తోలు లేదు. మడమలు నల్లబడ్డాయి. వీపంతా గీరుకుపోయినట్టు ఎర్రటి చారలు. కింద పరిచిన బొంత మాత్రం మల్లెపూవులా ఉంది. కాస్త చెమ్మగా ఉంది, అంతే.

నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు కేకలు వేయడం మా వృత్తిలో చాలామందికి అలవాటు. అరుగు మీదికి వచ్చి, వీధి వీధంతా వినేలా అరిచాను.

"పక్క మార్చమని చెప్పినానా లేదా?"

ఆమె పెరట్లో ఉతుకుతున్న బట్ట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. చేతులు నీళ్ళలో నాని నాని తెల్లగా ముడతలు పడి, వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. ఆ రెండు మూడు వారాల్లో సగం మనిషైంది.

"మార్చినానయ్యా."

"అబద్ధాలు చెప్పబాక! మారిస్తే ఆ పుండెట్ట పడింది?"

"అబద్ధమా? నేనా?" ఆమె గొంతు లేచింది. "కోడి కూసే పొద్దున గూడా లేచి మార్చినా. మా వోడూ నేనూ చెరో తట్టు పట్టి లాగేది, ఇంకోటి దోపేది. వానలో ఆరకపోతే పొయ్యి మీద కాచి ఆరబెట్టినా. మా అమ్మ పెట్టిన చీర గూడా చించినా. నమ్మకపోతే అదో, ఆ దండెం చూడు! లెక్కబెట్టుకో! ఇయ్యాళ పొద్దున నించే నాలుగు!"

పక్కింటావిడ గోడ మీది నుంచి అందుకుంది. "మా బొంతలు గూడా ఇచ్చినాం సామీ. మార్చలేదంటే కండ్లు పోతాయి."

నేను దండెం వైపు చూశాను.

ఇదీ ఆ అబద్ధపు ముక్క. రెండేళ్ళ తర్వాత తెలిసింది అని నేను ఊరంతా చెప్పుకున్న ముక్క. రెండేళ్ళు కాదు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దండెం మీద వరసగా వేలాడుతున్న ఆ బొంతలను చూడగానే, నేను రాసిన చీటీ ఆమె చెవికి ఎలా వినిపించిందో నాకు పూర్తిగా అర్థమైంది. ఉండేది రెండే గదయ్యా అని ఆమె ఎందుకన్నదో అర్థమైంది. ఇంకో నాలుగు ఎందుకు తెమ్మన్నదో అర్థమైంది. వీపు మీద చారలెందుకు పడ్డాయో అర్థమైంది. రెండు గంటలకోసారి ఇద్దరు మనుషులు నిండా శ్రద్ధతో, పుండు పడుతున్న తోలు కింది నుంచి బొంత లాగారు, నేను చెప్పానని.

ఒక్క మాట చాలు. "అమ్మా, నేను చెప్పడంలో పొరపాటు జరిగింది." అప్పటికప్పుడు చెప్పి ఉంటే వీధి వీధే సాక్ష్యంగా ఆమె నిలబడేది. కానీ నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆ వారంలోనే డాక్టరమ్మ బల్ల మీద ఉంది. మందు తప్పుగా కలిపిన కాంపౌండరు భోజనం చేయకుండా వెళ్ళిపోవడం నా కళ్ళలో ఉంది. పైగా అప్పటికే అంత గట్టిగా అరిచాను. అరిచిన నోటితో వెనక్కి తగ్గడం నాకు చేతకాలేదు.

"గుడ్డలు ఉతికితే సరిపోదు," అని మాత్రం గొణిగాను. జేబులోంచి పెన్ను తీశాను. ఆసుపత్రిలో చేర్చుకోమని రాసే కాగితం మీద అరుగు మీద నిలబడే రాశాను: "చెప్పినను పక్క మార్చలేదు. ఇంట చూచుకొను స్త్రీ నిర్లక్ష్యము." దాన్ని మడిచి ఆ అబ్బాయి చేతికిచ్చి, బండి కట్టమన్నాను.

బండి వెనకాలే అతను నడుస్తూ ఆ మడత విప్పి, పెదాలు కదుపుతూ చదువుకోవడం నేను సైకిలు మీద నుంచి చూశాను. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు చూసి, కాగితం చూసి, ఆ అబ్బాయిని నిలబెట్టి కడిగేసింది. "మీ ఇంట్ల యారు? అత్తైయా? ఇదా పాక్కురదు?" ఇదేనా చూసుకోవడం, అని ఆమె రెండు భాషల్లో అరుస్తుంటే అతను తల వంచుకుని విన్నాడు. నేను పక్కనే దూది ఉండలు చేస్తున్నాను. ఉండలు చేస్తూనే ఉన్నాను.

ఆయన నలభై రోజులు బతికాడు. ఆ నలభై రోజులూ నా చేతుల్తో తిప్పాను, నా చేతుల్తో కట్లు కట్టాను. జ్వరం మాత్రం దిగలేదు. పుండ్ల వల్లే పోయాడని చెప్పలేను, వాటి వల్ల కాదని చెప్పే ధైర్యమూ లేదు. దినాలకు చేరిన చుట్టాల్లో ఆ కాగితం మాట పాకింది. "మార్చమన్నా మార్చలేదంట." "కాంపౌండరే రాసిచ్చినాడంట." ఆ ఇంట్లో అంతకాలం ఎవరి పక్క ఎక్కడ పరవాలో చెప్పిన మనిషిని ఎవరూ ఏమీ అడగడం మానేశారు. మేనల్లుడు ఆమెతో మాట్లాడలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె ఒక్క బొంత చంకన పెట్టుకుని కోట అనే ఊరికి వెళ్ళిపోయిందని పక్కింటావిడ కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది.

నన్ను పర్మనెంటు చేశారు.

గోడ మీద వాక్యం చెరిపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో! రంగు స్టోరాయన దగ్గరే ఉండేది. ఎందుకయ్యా చెరిపేది, బాగానే ఉందిగా, అని ఆయన అడిగితే ఏం చెప్పాలి? ఎందుకో చెబితే ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాలి. అందుకని దాన్ని అలాగే ఉంచి, వార్డులో కొత్తవాళ్ళకు నోటితో వేరే మాట నేర్పాను. వాళ్ళు "మరి గోడ మీద..." అన్నప్పుడు బొంతల కథ చెప్పి నవ్వించాను. రెండేళ్ళ తర్వాత తెలిసింది అన్న ముక్క అప్పుడే దానికి అతికించాను.

ఆరేళ్ళకు మశూచి టీకాల పని మీద కోటకు పోవలసి వచ్చింది. ఒక ఆడపిల్లల హాస్టలు. లోపల అడుగు పెట్టాను. ఆవరణ అంతా చాపలు, బొంతలు, వరసగా, కొలిచినట్టు ఎడం ఇచ్చి ఆరేసి ఉన్నాయి. ఆ పని ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమె వంటింటి వైపు నుంచి కర్ర పట్టుకుని వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసింది, నా చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"ఆ సంచి పక్కల మీద పెట్టబాక."

నేను సంచి గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. "బాగున్నారా అమ్మా?"

"ఏం బాగు. డెబ్బై పక్కలు. ఒక్క పిల్లా దానంతట అది ఎత్తి చావదు." కర్రతో ఒక బొంతను రెండు దెబ్బలు కొట్టింది. "ఇప్పుడేం రాసుకపోను వచ్చినావు?"

"రాయడానికి కాదు. ఆ రోజు నేను చెప్పినదాంట్లో తప్పుందమ్మా. పక్క మార్చమంటే..."

"తెలుసులే. ఈడ మాకొక వంటమనిషి పడిపోతే నర్సమ్మ వచ్చి చూపించింది. నడుం కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి. అట్ట ఒత్తిగిలిస్తే అయిపోయింది. ఒత్తిగిలించమని నోరు తిరగలేదా నీకు? ఒక్క మాట! ఒత్తిగిలించేది తెలవని ఆడది ఉంటాదా యాడన్నా? ఎన్ని బొంతలు ఉతికినానయ్యా నేను! చేతులు చూడు!"

"నాకూ ఆ సంగతి తర్వాతే తెలిసిందమ్మా."

ఆమె కొట్టడం ఆపింది. "తర్వాత కాదు."

నేను సంచి పట్టీ సర్దుకున్నాను.

"దండెం తట్టు చూసినావు నువ్వు. నేను నీ మొహం చూసినా. అప్పుడే తెలిసింది నీకు. తెలిసినాకనే పెన్ను తీసినావు."

అంత పెద్ద ఆవరణలో ఆడపిల్లలు ఎక్కడో కేరింతలు కొడుతున్నారు. నాకు మాత్రం ఆమె గొంతు ఒక్కటే వినిపిస్తోంది. తప్పయింది అన్నాను. అన్నానో, అన్నాననుకున్నానో.

"నాకు చెప్పి ఏం ఉపయోగం? నేను మార్చినానో లేదో నాకు తెలవదా? మా అబ్బయ్యకు చెప్పు. వాడు నేను పెంచిన బిడ్డ. వాళ్ళ నాయన్ని నేను చంపినాననుకుంటా ఉండాడు." మళ్ళీ కర్ర ఎత్తింది. "పో. పైరగాలి లేస్తాది, నాకు పనుంది."

ఆ నెలలోనే వెళ్ళాను. ఇల్లు అదే. మంచం నడవలోనే ఉంది, దాని మీద చుట్టీ చుట్టని పక్క. "కూర్చోండి సార్," అని అతను ఆ పక్కే చూపించాడు. దాని మీదే కూర్చున్నాను. కూర్చోవద్దనే మనిషి ఆ ఇంట్లో లేదు.

దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. అతని ఎదుట నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "మీ అత్త తప్పేం లేదయ్యా. ఆ జబ్బే అటువంటిది. ఎంత చేసినా పుండ్లు పడతాయి."

అతను నా వైపు తిరిగాడు. "జబ్బుదే తప్పయితే కాగితంలో అట్ట ఎందుకు రాసినారు సార్?"

ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు, అని నాలోపల ఎవరో తోస్తూనే ఉన్నారు. "డాక్టరమ్మ రాయమంటే రాసినాను," అన్నాను.

అప్పటికి డాక్టరమ్మ తమ ఊరికి వెళ్ళిపోయింది. అడిగేవాళ్ళు లేరు. అతను తల ఊపి, మజ్జిగ తెప్పిస్తానన్నాడు. వద్దని లేచాను.

ఆమె మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అతను పిలవలేదు. ఎందుకు పిలుస్తాడు? కొన్నేళ్ళకు ఆమె పోయిందని కోట నుంచి వచ్చిన రోగి ఒకడు మాటల మధ్య అన్నాడు. హాస్టల్లోనే పోయిందట. జబ్బుపడ్డ నెల్లాళ్ళూ ఆడపిల్లలే వంతులు వేసుకుని ఒత్తిగిలించారట. ఒక్క పుండు కూడా పడలేదట.

ఇప్పుడు ఆ కేసు కాగితం ఎక్కడా లేదు. పాత కట్టలు చెదలు పట్టాయని గంపలకెత్తి బయట పారేశారు. కాబట్టి దిద్దడానికి నాకు కాగితం దొరకదు. దొరికింది ఇప్పుడు రాస్తున్న ఈ కాగితం ఒక్కటే. ఈ మధ్య ఒక పని మీద ఆసుపత్రికి పోయినప్పుడు గోడ మీది వాక్యం సంగతి ఇప్పుడున్న స్టోరు కుర్రవాడితో అన్నాను. "అందరికీ అర్థమవుతుంది కదా సార్, ఎందుకు?" అన్నాడు. ఎందుకో పైన రాశాను. దయచేసి దాన్ని చెరిపేసి "ఒత్తిగిలించవలెను" అని రాయించండి. గోడ మీద చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేయండి.

అల్లూరు అవతల ఆ వీధిలో, ఆ ఇంట్లో ఉన్న ఆయనకు ఇప్పుడు యాభై దగ్గర పడుతుంది. చదవడం వచ్చినవాడు. ఆ కాగితాన్ని బండి వెనక నడుస్తూ రెండుసార్లు చదివినవాడు. ఇది ఎవరైనా ఆయన చేతిలో పెడితే చదువుతాడు. అయ్యా, డాక్టరమ్మ నన్ను ఏమీ రాయమనలేదు. ఆ రాత నా సొంతం. మీ అత్త పక్క మార్చింది. ప్రతి రెండు గంటలకూ మార్చింది. నేను చూశాను.